బయటివాడి ధర

గోదావరిఖని,
15 మార్చి 2025, శనివారం.

ప్రేమగల శివన్నకు,

నీ చెల్లె తిరుమల రెండు చేతులు జోడించి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేమంతా ఒంట్లో బాగానే ఉన్నాం. రామకృష్ణాపూర్‌లో నువ్వూ వదినా కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మంచిర్యాలలో ఇంటికి ముగ్గు ఎప్పుడు పోస్తున్నారు? డాక్టర్లు నిన్ను అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపారు కాబట్టి క్వార్టరు ఖాళీ చెయ్యమని కాగితం ఎప్పుడైనా రావచ్చు. వచ్చిన డబ్బుతో ఈ ఎండాకాలంలోనే గోడలు లేపండి. వానలు పడ్డాక మేస్త్రీలు దొరకరు.

మర్యాదలు అయిపోయాయి, ఇక నా ఏడుపు మొదలుపెడతాను. ఫోన్ చేద్దామంటే, బొగ్గు బాయిలో ఇన్నేళ్ళ డ్రిల్లింగు నీ చెవులు రెండూ తినేసింది. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. అది చూస్తే నాకు ధైర్యం రాదన్నా. అందుకే కాగితం మీద రాసి రాయమల్లుతో పంపుతున్నాను. మీ పక్క క్వార్టరు నుంచి రోజూ గోదావరి దాటి మా కంపెనీకి డ్యూటీకి వచ్చే మనిషి ఉండగా నాకు పోస్టు డబ్బాతో పనేమిటి?

సంగతేమిటంటే, నా మనసు ఒక చోట నిలవడం లేదు. గ్యాస్ కట్టేశానా లేదా అని గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి చూస్తున్నాను. మీ బావ పలకరిస్తే కసురుకుంటున్నాను. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేసినప్పుడు ఆఫీసు అద్దాలు గలగలమంటే అందరూ టీ తాగుతూనే ఉంటారు, నేనొక్కదాన్నే కుర్చీ చేతులు పట్టుకుంటున్నాను. పుట్టి పెరిగింది ఈ చప్పుళ్ళలోనే కదా, ఇప్పుడేం కొత్తగా ఉలికిపడుతున్నావని మీ బావ ఎగతాళి చేస్తున్నాడు.

మా కంపెనీలో కార్మికుల పొదుపు నిధి ఒకటి ఉందని నీకు తెలుసు. బొగ్గు మోసే బెల్టులు బాగుచేసే మా వాళ్ళందరి జీతంలోంచి నెలనెలా కొంత కోసి అందులో వేస్తాం. పని మానేసి పోయేటప్పుడు ఎవరి వాటా వాళ్ళకు ఇస్తాం. ఆ లెక్కలు చూసేది నేనే. నిధిలో సగం బ్యాంకు డిపాజిట్లలో భద్రంగా ఉంది. మిగతా సగాన్ని మా ఎండీ వేణుమాధవ్ సారు, వడ్డీ ఎక్కువ వస్తుందని, హైదరాబాదు ఫైనాన్స్ కంపెనీ ఒకటి, మంచిర్యాల బస్టాండు దగ్గర కూడా బోర్డు ఉంటుంది చూడు, దాని బాండ్లలో పెట్టించారు. వడ్డీ ఇప్పటిదాకా వచ్చింది, అబద్ధమెందుకు. కానీ ఆ కంపెనీని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే రేటింగు జనవరిలో దభీమని పడిపోయింది. అప్పటినుంచి ఆ బాండ్ల వైపు తిరిగి చూసినవాడు లేడు.

ఇప్పుడు మార్చి ముప్పై ఒకటి వస్తోంది. ఆ రోజుకు ఆ బాండ్ల విలువ ఎంతో నేను రాసివ్వాలి. దాన్ని ఫెయిర్ వాల్యూ అంటారు. మనం ఎంత పెట్టి కొన్నామన్నది కాదు. ఓపిక పడితే చివరికి ఎంత వస్తుందన్నదీ కాదు. ఆ రోజున, ఏ తొందరా ఏ బలవంతమూ లేకుండా, సంగతులన్నీ తెలిసిన ఒక బయటివాడు ఎంతిచ్చి కొంటాడు అన్నదే లెక్క. మనవాడు పనికిరాడు, బయటివాడే కావాలి.

వినడానికి సులువే. లక్ష్మీనగర్ మార్కెట్లో టమాటా ధర ఎంతంటే ఎవరైనా చెబుతారు, రోజంతా బేరాలు జరుగుతూనే ఉంటాయి కాబట్టి. షేర్లు అలాంటివి. ఆనాటి ధర చూసి రాసుకోవడమే. అది మొదటి మెట్టు. రెండో మెట్టు నీ పాత స్కూటర్ లాంటిది. దాన్ని ఎవరూ బేరం ఆడలేదు గానీ, అలాంటి బండినే పక్కింటివాళ్ళు ఎంతకు అమ్మారో తెలుసు, దాన్నిబట్టి చెప్పొచ్చు. మూడో మెట్టు మాత్రం రామగిరి దగ్గర మన తాత చేను. ఓపెన్‌కాస్టు కింద పోతుందని పుకారు పుట్టినప్పటినుంచి అక్కడ కొనేవాడూ లేడు, అమ్మేవాడూ లేడు. దాని విలువ చెప్పాలంటే రేపేమవుతుందో మనమే ఊహించాలి, ఆ ఊహను దాచకుండా కాగితం మీద పెట్టాలి, అప్పుడు లెక్క కట్టాలి. మా బాండ్లు ఆ మూడో మెట్టు మీద కూర్చున్నాయి. ఊహ నాది, సంతకం నాది, తప్పయితే తిట్లు కూడా నావే.

రావాల్సిన వడ్డీలు, చివర రావాల్సిన అసలు, అవి వస్తాయో రావో అన్న అనుమానం, అంత అనుమానం ఉన్నచోట డబ్బు పెట్టేవాడు ఎంత తగ్గించి అడుగుతాడో, ఇవన్నీ వేసి చూశాను. నూటికి అరవై రెండు వచ్చింది. మళ్ళీ కట్టినా అటూ ఇటూగా అంతే. సారుకు చెబితే ఆయన ముఖం ఎర్రబడింది. ఒక్క వడ్డీ ఆగలే, ఒక్క రూపాయి ఎగ్గొట్టలే, ఈ అరవై రెండు ఎక్కడికెళ్ళి పట్టుకొచ్చినవమ్మా అని అరిచారు. ఏప్రిల్ ఆఖరుకు ఒక బెల్టు లైను కాంట్రాక్టు అయిపోతోంది, మా వాళ్ళలో మూడో వంతు మంది పనిలోంచి దిగిపోతారు. వాళ్ళ వాటాలు కోసి ఇస్తే గేటు ముందట ధర్నా టెంటు వేస్తరు, నూటికి నూరు రాయి, గొడవ ఉండదు అన్నారు. నేను తల నిలువుగా ఊపానో అడ్డంగా ఊపానో నాకే గుర్తులేదు.

నూరు రాస్తే ఏమవుతుందో చెబుతాను. దిగిపోయేవాళ్ళకు బ్యాంకు డిపాజిట్లు విరిచి పూర్తిగా ఇచ్చేస్తాం. ఉండేవాళ్ళకు ఎక్కువగా బాండ్లే మిగులుతాయి. రేపు ఆ కంపెనీ చేతులెత్తేస్తే మునిగేది ఉండేవాళ్ళ వాటా ఒక్కటే. మా సారవ్వ తెలుసు కదా, బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తిపోసే ఆమె. ఉండేవాళ్ళలో ఆమె ఉంది. బిడ్డను నర్సింగ్ చదివించడానికి ఆ వాటా మీదే ఆశ పెట్టుకుంది. అలాగని అరవై రెండు రాస్తే నా ఉద్యోగం ఉండదు. మీ బావ కుట్టు మిషన్ ఒక్కదానితో మా ఇల్లు నడవదని నీకు తెలియనిది కాదు.

నిన్న అన్నం తింటుంటే ఎందుకో మన కాలనీ వినాయకుడి లడ్డూ వేలంపాట గుర్తొచ్చింది. ఆ ఏడు ఎవరూ పాట ఎత్తక కమిటీవాళ్ళు తలలు దించుకుని నిలబడ్డారు. నువ్వు ఫస్టు షిఫ్టు దిగి అటే వచ్చి, వాళ్ళ ముఖాలు చూడలేక పాట మొదలుపెట్టావు. పోటీకి ఎవరూ రాకపోతే నీ పాట మీద నువ్వే పెంచుకుంటూ పోయావు. ఓవర్‌టైం డబ్బులన్నీ ఊడ్చుకుపోయాయి, అవ్వ నెలరోజులు నీతో మాట్లాడలేదు. నేను మాత్రం లడ్డూ తింటూ మా అన్న అంతటివాడు లేడనుకున్నాను. ఇప్పటి నా లెక్కల ప్రకారం ఆ ధర చెల్లదన్నా. అది లడ్డూకు కట్టిన ధర కాదు, కమిటీవాళ్ళ పరువుకు కట్టింది.

ఏం చెయ్యాలో తోచడం లేదు. నెలాఖరులోపు ఎవడో ఒక మహానుభావుడు, నూటికి తొంభై పైన పెట్టి ఆ బాండ్లు కొన్ని కొంటే చాలు. ఇదిగో బయటి ధర అని చూపించి గట్టెక్కుతాను. ఇంత చదివి చివరికి మొక్కులకు దిగాను చూడు. ఈ సంగతులు వదినకు చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది.

నీ చెల్లె,
తిరుమల.


గోదావరిఖని,
3 ఏప్రిల్ 2025, గురువారం.

శివన్నకు నమస్కారాలు పెట్టి తిరుమల రాస్తున్నది.

ఉగాదికి వస్తానని చెప్పి రానందుకు వదిన అలిగిందని విన్నాను. అయినా భక్ష్యాలు పంపడం మానలేదు. నెయ్యి కారుతూ రాయమల్లు సంచంతా పాడైంది, మీ బావ మాత్రం నాకు రెండే మిగిల్చాడు. సంవత్సరాంతపు లెక్కల్లో కూరుకుపోయి రాలేకపోయాను. వదినకు నువ్వే సర్దిచెప్పాలి.

నీ చీటీ అందింది. అంత పెద్ద ఉత్తరం రాస్తే నువ్వు రాసింది ఒక్క ముక్క, ఫికర్ చెయ్యకు, ఎవరో ఒకరు కొంటరు అని. చదివి నాకు నవ్వొచ్చింది. బండ కింద నిలబడి కూడా ఏం కాదు అనే మనిషివి నువ్వు, నీకేం తెలుసు అనుకున్నాను. కానీ నీ నోట్లో చక్కెర పొయ్యాలన్నా, నువ్వన్నట్టే జరిగింది!

మార్చి ఇరవై ఏడున రోజూలాగే బాండ్ల బేరాలు కనబడే తెర తెరిచి చూశాను. నెలల తరబడి ఖాళీగా ఉన్న వరుసలో ఒక అంకె వచ్చి కూర్చుంది. నూటికి తొంభై ఆరు! నా కళ్ళను నేనే నమ్మలేదు. అక్కడ ధర కనబడుతుంది, ఎన్ని బాండ్లో కనబడుతుంది, కొన్నవాళ్ళ పేరు కనబడదు. ఎవరైతే నాకేమిటి, నా మొక్కు తీరింది. లేచే తొందరలో టీ కప్పు తన్నేశాను. సారు వచ్చి ఆ అంకెను చూసి, చూసినవా తల్లీ, మార్కెట్టే నోరు తెరిచి చెప్పింది, నీ అరవై రెండు ఎటు పోయింది అని పగలబడి నవ్వారు. ఆఫీసంతటికీ మిర్చి బజ్జీలు తెప్పించారు. నేను కూడా రెండు తిన్నాను. నెల ముగియగానే తొంభై ఆరు అని చిత్తు కాగితం తయారుచేసి ఆయన బల్ల మీద పెట్టాను.

ఇప్పుడు హాయిగా ఉండాలి కదా? లేనన్నా. అదే చెప్పడానికి ఈ ఉత్తరం.

బజ్జీలు అరగకముందే అనుమానం మొదలైంది. రేటింగు పడింది పడినట్టే ఉంది. అలాంటి రేటింగే ఉన్న ఇంకో రెండు కంపెనీల బాండ్లు డెబ్బై దగ్గర అమ్ముడుపోతున్నాయి. డెబ్బైకి అలాంటి సరుకు దొరుకుతుంటే దీనికి తొంభై ఆరు ఎవరిస్తారు? నాకంటే ఎక్కువ తెలిసినవాడైనా కావాలి, ఏమీ తెలియనివాడైనా కావాలి. ఇరవై ఏడుకు ముందు బేరం లేదు, తర్వాత కూడా లేదు. రోజంతా అదే తెర చూస్తూ కూర్చుంటున్నాను. ఇంకొక్క బేరం జరిగితే నా మనసు కుదుటపడుతుంది. ఎవరూ రావడం లేదు.

దానికి తోడు మొన్న సారవ్వ నా బల్ల దగ్గర నిలబడింది. బిడ్డా, నేను ఇప్పుడే దిగిపోతే ఎంతొస్తది, ఇంకో రెండేండ్లు ఉండి దిగిపోతే ఎంతొస్తది అని అడిగింది. ఉంటే ఎక్కువే కదా అవ్వా అన్నాను. అంటున్నప్పుడే నా గొంతు నాకు వేరేలా వినిపించింది. నువ్వు చెప్పినవంటే ఉంట అని ఆమె చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. నేను చెప్పానని ఉంటుందట. ఆ మాట నన్ను వదలడం లేదు. ఆమె ఎదురుపడితే దారి మార్చుకుని పోతున్నాను.

వచ్చేవారం ఆడిటర్ వస్తారు. ఉమామహేశ్వర్ గారని, మంథని వాళ్ళు, కరీంనగర్‌లో ఆఫీసు. మాట మెత్తనిది గానీ ఏ అంకెనూ ఊరికే వదలరు. ఆయన ఏమడుగుతారో అని ఇప్పటినుంచే కాగితాలన్నీ వరుసగా సర్దిపెట్టుకుంటున్నాను.

మరో సంగతి. ఇంటి ముగ్గు వాయిదా వేశారని రాయమల్లు చెప్పాడు. ఎందుకని అడిగితే నీళ్ళు నమిలాడు. మేస్త్రీ దొరకలేదా? వదినకు బాగాలేదా? స్లాబు కోసం పెట్టుకున్న డబ్బు మాత్రం కదిలించకు. ఎవరు చేబదులు అడిగినా లేదని చెప్పడం నేర్చుకో. నీకు అది చేతకాదని నాకు తెలుసు, అందుకే భయం.

నీ చెల్లె,
తిరుమల.


గోదావరిఖని,
20 ఏప్రిల్ 2025, ఆదివారం.

మా పెద్దదిక్కయిన శివన్నకు,

తిరుమల నమస్కారాలు. ఎండలు మండిపోతున్నాయి, బొగ్గు దుమ్ముకు మీ బావ దగ్గు మళ్ళీ మొదలైంది. అది తప్ప అందరం క్షేమం. నువ్వూ వదినా పగటిపూట బయట తిరగకండి.

నేనొక పని చేశాను అన్నా. మంచిదో చెడ్డదో నువ్వే చెప్పాలి. రేపు పొద్దున్న అది బయటపడుతుంది, అంతకుముందే నీకు చెప్పాలని రాస్తున్నాను.

ఉమామహేశ్వర్ గారు వచ్చారు. నా చిత్తు కాగితం చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఒక్క బేరం ఉంది కదా అని కళ్ళు మూసుకుని ఆ ధర రాయలేం తిరుమల గారూ, అలాగని అది జరగనట్టు పక్కకు నెట్టేయనూ లేం అన్నారు. తీసుకుంటే ఎందుకు తీసుకున్నామో, వదిలేస్తే ఎందుకు వదిలేశామో కారణం రాయాలట. కొన్నవారెవరు, తెలిసి కొన్నారా, ఆ ధర పెట్టడానికి వేరే ఏదైనా అవసరం ఉందా, ఇవి మీకు తెలిసే దారి ఉందా అని అడిగారు. లేదు సార్ అన్నాను. నాకు నిజంగానే తెలియదు. కానీ ఆయన నా వైపు చూస్తుంటే దొంగతనం చేసినదానిలా చెమటలు పట్టాయి. ఒకవేళ మా సారే ఎవరితోనైనా కొనిపించారేమో అన్న అనుమానం కూడా వచ్చింది. పైకి అనలేదు.

ఆ తర్వాత మళ్ళీ మొదటినుంచి లెక్క కట్టాను. అలాంటి కంపెనీల బాండ్లు డెబ్బై దగ్గర ఉన్నాయి, మనవి అమ్ముడుపోవడం ఇంకా కష్టం, కాబట్టి ఇంకాస్త తగ్గాలి. అటునుంచి వచ్చినా ఇటునుంచి వచ్చినా అరవై రెండు దగ్గరే ఆగింది. అన్ని దారులూ ఒక ఊరికే పోతుంటే, ఒక్క బేరం చూసి వేరే ఊరి పేరు రాస్తే అది లెక్క కాదు, నా పిరికితనం.

నిన్న మధ్యాహ్నం సారు గదికి వెళ్ళాను. తొంభై ఆరు తీసేస్తున్నాను సార్, అరవై రెండే రాస్తాను అన్నాను. బయట బ్లాస్టింగ్ అయింది, అద్దాలు అదిరాయి, ఈసారి నేను కుర్చీ పట్టుకోలేదు. ఆయన, నీకు నౌకరి బరువైందా తిరుమలా అన్నారు. బరువుగానే ఉంది సార్, కానీ కావాలి అన్నాను. దిగిపోయేటోళ్ళకు నువ్వే చెప్తవా, గేటు దగ్గర నిలబడి అన్నారు. చెబుతాను అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆడిటర్ సంతకం కాకముందు నీ కాగితం నా బల్ల మీద ఉండాలె, నీ పేరుతోనే ఉండాలె అన్నారు. అంటే తప్పంతా నా మీద తోస్తారన్నమాట. తోయనీ.

దిగిపోయేవాళ్ళు నన్ను తిడతారు. వాళ్ళదీ కష్టార్జితమే కదా, వాళ్ళకు తక్కువ ఇస్తున్నానని నాకూ బాధగానే ఉంది. కానీ పోయేవాళ్ళకు నిండుగా ఇచ్చి, ఉండేవాళ్ళకు డొల్ల మిగల్చడం ఎలా? నష్టం ఉంటే అందరికీ ఎవరి వాటా కొద్దీ రావాలి. రేపు ఆ కంపెనీ నిలదొక్కుకుంటే పెరిగింది కూడా అందరికీ పంచాలి. దిగిపోయినవాళ్ళకూ ఆ పెంపు చేరేలా చూడమని కాగితం చివర ఒక ముక్క రాశాను. ఒప్పుకుంటారో లేదో.

కాగితంలో ఒక చోట మాత్రం మనసు ఒప్పడం లేదు. తొంభై ఆరు బేరాన్ని ఎందుకు వదిలేశామన్న దగ్గర, ఒక్కటే బేరం, చిన్నది, కొన్నవారెవరో తెలియదు అని రాశాను. రాసింది నిజమే. కానీ ఆ కొన్న మనిషి గురించే ఆలోచిస్తున్నాను అన్నా. రేటింగు సంగతి తెలియక, వడ్డీకి ఆశపడి, ఎవరు ఏ ముల్లె విప్పి పెట్టారో. ఏ రిటైరైన మాస్టారో, ఏ ఒంటరి ఆడమనిషో. కనబడితే చెయ్యి పట్టుకుని అడగాలనుంది, ఎందుకు కొన్నావయ్యా, కొనేముందు ఎవరినైనా అడగొద్దా అని. ఆ మనిషి కొన్నందుకు నేను బజ్జీలు తిన్నాను. అది తలచుకుంటే నోరు చేదవుతోంది.

రేపు పొద్దున్న కాగితం ఇచ్చేస్తాను. నువ్వు బాయిలో దిగేముందు ఏ దేవుడిని తలచుకునేవాడివో నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకే నా పేరు కూడా ఒకసారి చెప్పు.

వదినను అడిగానని చెప్పు. ముగ్గు ఎప్పుడో ఈసారైనా రాయి.

నీ చెల్లె,
తిరుమల.

తా.క. సోమవారం పొద్దున్న. గేటు పక్కన సైకిల్ షెడ్డులో నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

ఉత్తరం రాయమల్లు చేతిలో పెట్టబోతూ, మా అన్న ముగ్గు ఎందుకు వాయిదా వేశాడో ఇప్పుడైనా చెప్పవా అని ఊరికే అడిగాను. రాయమల్లు నన్ను వింతగా చూశాడు. నీకు తెల్వదా అక్కా, స్లాబు పైసలు మొత్తం ఆ బాండ్లకే పాయె గదా అన్నాడు. ఏ బాండ్లు అన్నాను. మన నిధి పైసలు పెట్టినయే, నువ్వు రాసినవట గదా అన్నాడు. అక్కడి వాచ్‌మన్ స్టూలు లాక్కుని కూర్చున్నాను.

మిగతాదంతా అతనే చెప్పాడు. మంచిర్యాలలో బ్రోకరు చెప్పేది నీకు వినపడదని, అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నావట. అమ్మేవాడు తొంభై ఆరు చెప్పుకొని కూసున్నడు, ఎవ్వరూ కొంటలేరు, కొన్ని రోజులు ఆగితే డెబ్బైకి దిగుతడు అని బ్రోకరు అన్నాడట. నీకు వినపడలేదేమో అనుకుని కాగితం మీద డెబ్బై అని రాసి చూపించాడట. నువ్వు అది కొట్టేసి, నీ చేత్తో తొంభై ఆరు అని రాశావట. నెల దాటొద్దు, గింతకే కావాలె అన్నావట. శివన్నకు ఏమైందని బ్రోకరు నన్ను అడిగిండక్కా, నేనేం చెప్త అన్నాడు రాయమల్లు.

నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. మనవాడు పనికిరాడు, బయటివాడే కావాలని అంత విడమరచి రాశాను కదా అన్నా! లడ్డూ సంగతి కూడా రాశాను. అన్నీ చదివి, నేను ఉత్తినే మొక్కుకున్న ఒక్క మాట పట్టుకుని మళ్ళీ పాటకు దిగావు.

విను. భయపడి వాటిని అమ్మకు. అరవై రెండు అంటే నీ డబ్బు పోయినట్టు కాదు, ఈరోజు బయటివాడు ఇచ్చే ధర అంతే. ఆ కంపెనీ నిలబడితే నీకు మొత్తం వస్తుంది. నిలబడకపోతే, మంచిర్యాలలో గోడలు లేచేదాకా నువ్వూ వదినా నా దగ్గరే ఉంటారు. మా రెండు గదుల్లోనే సర్దుకుందాం. ఈ ఆదివారం నేనే వస్తాను. వదినకు నేనే చెబుతాను, నువ్వు చెప్పకు.

కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది. నీ స్లాబు డబ్బుకు కూడా, నా చేత్తో నేనే అరవై రెండు అని రాశాను అందులో. ఆ అంకె మారదు. కొన్నవారెవరో తెలియదు అన్న మాట అలాగే వదిలేసినా ఎవరికీ తెలియదు, రాయమల్లు నోరు విప్పడు. తెలిస్తే మాత్రం, ధర పెంచడానికి నేనే నీతో కొనిపించానంటారు. నేను కాదని ఎంతమందికి చెప్పను? ఉద్యోగం పోవడానికి ఆ ఒక్క ముక్క చాలు. ఇదంతా ఆలోచిస్తూ సైరన్ మోగేదాకా ఇక్కడే నిలబడ్డాను.

కానీ ఉమామహేశ్వర్ గారు అడిగినప్పుడు తెలియదన్నాను, అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఆ ముక్క కొట్టేసి, పైన ఇలా రాశాను. ఈ ధర లెక్కలోకి రాదు. కొన్నవారు బయటివారు కాదు, మా అన్న.